మరచిపోయే హక్కు ఎవరిది?

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాలలో మూడింటిని ఒకచోట చేర్చాను. వేరువేరు జిల్లాల నుంచి, వేరువేరు వయసుల వారు రాసినవే అయినా మూడింటిలోనూ ఒకే మాట వినిపిస్తున్నది: "గతాన్ని మరచిపొమ్మంటున్నారు." ఎవరు అంటున్నారు, ఎవరితో అంటున్నారు అన్నదాన్ని బట్టి ఆ మాట బైబిలు వాక్యానుసారమూ కావచ్చు, వాక్యానికి పూర్తిగా విరుద్ధమూ కావచ్చు. మొదటి ఉత్తరానికి ఎక్కువ చోటు తీసుకున్నాను, ఎందుకంటే తక్కిన రెండు జవాబులకూ పునాది అందులోనే ఉంది. ఉత్తరాలను కుదించి, మనిషిని గుర్తుపట్టే వివరాలను తీసివేశాను.

ప్రశ్న: అయ్యగారికి వందనాలు. నా వయసు 61. మా నాన్నగారు 1994లో మంచాన పడి ఉన్నప్పుడు, అన్నదమ్ములిద్దరికీ రావలసిన రెండెకరాల మాగాణిని, ఆయన చేత వేలిముద్ర వేయించి నా ఒక్కడి పేరనే రాయించుకున్నాను. తమ్ముడు అప్పుడు పనికోసం వేరే రాష్ట్రంలో ఉన్నాడు. వచ్చి పంచాయతీ పెట్టాడు గాని పెద్దమనుషులు నా వైపే మాట్లాడారు. అతను ఊరు విడిచి వెళ్లిపోయాడు. 2003లో నేను రక్షణ పొంది బాప్తిస్మం తీసుకున్నాను. ఈ సంగతి మా పాస్టరుగారి దగ్గర ఒప్పుకున్నప్పుడు, "పాతవి గతించెను, దేవుడు పూడ్చిపెట్టినదాన్ని నువ్వు తవ్వకు" అన్నారు. కాని ప్రతి డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో "మునుపటివాటిని జ్ఞాపకము చేసికొనకుడి" అనే వాక్యం చదువుతుండగానే తమ్ముడి ముఖం కళ్లముందుకు వస్తుంది. ఇది సాతాను నేరారోపణా? నా విశ్వాసంలో లోపమా? నేను గతాన్ని ఎందుకు విడిచిపెట్టలేకపోతున్నాను?
(ఒక పాఠకుడు, కృష్ణా జిల్లా)

జవాబు: సోదరా, మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. మీరు విడిచిపెట్టలేకపోవడానికి కారణం విశ్వాసలోపం కాదని నేను నమ్ముతున్నాను. మీరు విడిచిపెట్టాలని చూస్తున్నది మీ చేతిలో లేదు. అది మీ తమ్ముడి చేతిలో ఉంది.

ఆ రాత్రి చదివే వాక్యాన్నే ముందు చూద్దాం. యెషయా 43వ అధ్యాయంలో 18వ వచనాన్ని మాత్రమే విడిగా తీసి, కొత్త సంవత్సరపు వాగ్దానంగా కార్డుల మీద అచ్చువేయడం మనకు అలవాటయింది. దానికి ముందున్న రెండు వచనాలు చదివితే, ప్రవక్త జ్ఞాపకం చేసుకోవద్దంటున్న "మునుపటివి" ఏమిటో తెలుస్తుంది. సముద్రంలో త్రోవ కలుగజేయడం, రథాలూ గుర్రాలూ సైన్యమూ పడిపోయి మళ్లీ లేవకపోవడం, అంటే ఐగుప్తు నుంచి వచ్చిన విడుదల. బబులోను చెరలో కూర్చుని, దేవుడు ఒకప్పుడు చేసిన గొప్ప కార్యాన్ని తలచుకుంటూ ఇక ఆయన ఏమీ చేయడనుకుంటున్న ప్రజలకు, ఆయన చేయబోయే కొత్త కార్యంవైపు చూడమని చెప్పిన మాట అది. ఒకడు తన తమ్ముడికి చేసిన అన్యాయాన్ని మరచిపొమ్మని చెప్పే మాట అందులో ఎక్కడా లేదు. పాపాల ప్రస్తావన అదే అధ్యాయంలో 25వ వచనంలో వస్తుంది: "నేను నీ పాపములను జ్ఞాపకము చేసికొనను." అక్కడ మరచిపోతున్నది ఎవరో గమనించండి. బాకీపడినవాడు కాదు, ఎవరికి బాకీ ఉందో ఆయన.

నేను చెప్పదలచుకున్నదంతా ఈ ఒక్క తేడాలోనే ఉంది. మరచిపోయే హక్కు అప్పిచ్చినవాడిది. అప్పు తీసుకున్నవాడు మరచిపోతే దానికి క్షమాపణ అనే పేరు లేదు.

మన ఊళ్లలో ప్రోనోటు సంగతి తెలియనివారు ఉండరు. రాసిన తేదీ నుంచి మూడేళ్లు గడిస్తే దానికి కాలదోషం పడుతుంది. అందుకే గడువు తీరకముందే తిరగరాయించుకుంటారు, లేకపోతే కొంత సొమ్ము ముట్టినట్టు నోటు వెనుక జమ రాయించి సంతకం పెట్టించుకుంటారు. కాలదోషం పట్టిన నోటూ, బాకీ మొత్తం ముట్టి చెల్లు రాసిన నోటూ పాత ట్రంకుపెట్టెలో పక్కపక్కనే పడి ఉండవచ్చు. చూడడానికి రెండూ పాత కాగితాలే. కాని మొదటిదానిలో బాకీ తీరలేదు, అడిగే దారి మాత్రమే మూసుకుపోయింది. రెండవదానిలో బాకీయే లేదు. మీ పాస్టరుగారు మంచి ఉద్దేశంతోనే చెప్పి ఉంటారు. కాని ఆయన మీకు చూపినది కాలదోషం. సువార్త చూపేది చెల్లు.

కొలొస్సయులకు రాసిన పత్రిక 2:14లో, మనమీద ఋణంగా ఉన్న పత్రాన్ని దేవుడు మేకులతో సిలువకు కొట్టి, దానిమీది చేవ్రాతను తుడిచివేశాడని పౌలు రాశాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాట, బాకీపడినవాడు తన చేతితో రాసి ఇచ్చే అప్పుపత్రానికి ఆ రోజుల్లో వాడిన మాటే. మన తెలుగు బైబిలులో ఉన్న "చేవ్రాత" దానికి ఎంత దగ్గరగా ఉందో చూడండి. దేవునికి మీరు రాసి ఇచ్చిన పత్రం చెల్లిపోయింది. ఆ విషయంలో ఏ సందేహమూ పెట్టుకోకండి. 2003లో మీరు నీళ్లలో నుంచి లేచి వచ్చిన తరువాత కూడా ప్రతి డిసెంబరులో ఆయన ముందు నిలబడి అదే పాపానికి మళ్లీ మళ్లీ క్షమాపణ అడుగుతూ ఉంటే, చెల్లిన నోటును మీరే తిరగరాస్తున్నట్టు. అయితే మీ తమ్ముడి దగ్గర ఇంకొక పత్రం ఉంది. దానిమీద చెల్లు రాయవలసినది అతను. అతని బదులు మీ పాస్టరుగారు గాని నేను గాని రాయలేము.

ఇక ఆ జ్ఞాపకం సాతాను నుంచి వచ్చిందా అని అడిగారు. కొండమీది ప్రసంగంలో ప్రభువు చెప్పిన మాట తెరచి చూడండి. బలిపీఠం దగ్గర అర్పణం అర్పిస్తుండగా, నీమీద నీ సహోదరునికి విరోధమేమైనా ఉందని "అక్కడ నీకు జ్ఞాపకము వచ్చినయెడల" అని ఉంది (మత్తయి 5:23). ఎక్కడ జ్ఞాపకం వస్తుంది? ఆరాధనలోనే. ఆ జ్ఞాపకాన్ని అణచుకొని ఆరాధన కొనసాగించమని ఆయన చెప్పలేదు. అర్పణాన్ని అక్కడే విడిచిపెట్టి మొదట వెళ్లమన్నాడు. నేరం మోపే శత్రువు మనిషిని గదిలో కూర్చోబెట్టి తన్ను తాను తిట్టుకొనేలా చేస్తాడు, ఎక్కడికీ పంపడు. పరిశుద్ధాత్మ మనిషిని ఒక ఇంటి తలుపు దగ్గరికి పంపిస్తాడు. మీకు కనిపిస్తున్నది మీ సొంత ముఖం కాదు, మీ తమ్ముడి ముఖం. అది మిమ్మల్ని బయలుదేరమని పిలిచే జ్ఞాపకమేనని నా నమ్మకం.

"వెనుక ఉన్నవి మరచి" అని పౌలే అన్నాడు కదా అని మీరు అడగవచ్చు. ఫిలిప్పీ పత్రిక మూడవ అధ్యాయాన్ని మొదటి నుంచి చదవండి. ఎనిమిదవ దినాన సున్నతి, బెన్యామీను గోత్రం, పరిసయ్యుడనే పేరు, ధర్మశాస్త్రం విషయంలో అనింద్యుడనే గౌరవం, చివరికి సంఘాన్ని హింసించిన ఆసక్తి కూడా ఆయన తనకు లాభమని లెక్కపెట్టుకున్న జమలే. ఆయన వెనుక వదిలినది ఆ నిలవ. తాను చేసిన హానిని మాత్రం పౌలు మరచిపోలేదు. సంఘాన్ని హింసించాను గనుక అపొస్తలుడనబడడానికి యోగ్యుడను కానని కొరింథీయులకు రాశాడు. క్రీస్తును నమ్మినందుకు స్తెఫనును చంపి రక్తం చిందించినప్పుడు తాను దగ్గర నిలిచి, చంపినవారి వస్త్రాలకు కావలి ఉన్నానని యెరూషలేములో జనసమూహం ఎదుట తన నోటితోనే చెప్పాడు. అది ఆయన్ని కుంగదీయలేదు, దాచుకోవలసిన అవసరమూ రాలేదు. చెల్లు పడిన బాకీని గురించి మనిషి నిబ్బరంగా మాట్లాడగలడు.

మరొక మనిషిని గురించి కూడా చెప్పాలి. ఇంగ్లండుకు చెందిన జాన్ న్యూటన్ ఆఫ్రికా బానిసలను ఓడలలో తరలించిన వ్యాపారి. 1748లో నడిసముద్రంలో తుపానులో చిక్కుకొని దేవునికి మొరపెట్టాడు. దాన్నే తన మార్పునకు ఆరంభంగా చెప్పుకున్నాడు. అయితే ఆ తరువాత కూడా 1754 వరకు బానిసల ఓడలు నడిపాడు. 1764లో బోధకుడయ్యాడు. కృపను గురించి ఆయన రాసిన కీర్తనను ఈనాటికీ ప్రపంచమంతా పాడుతున్నారు. ఆ కీర్తనతోనే ఆగిపోయి ఉంటే ఆయన గతం సుఖంగా మరుగున పడిపోయేది. కాని ఆ వ్యాపారం మానిన 34 ఏళ్లకు, 1788లో, ఓడలలో తాను చూసినదీ చేసినదీ ఒక చిన్న పుస్తకంగా రాసి అచ్చువేశాడు. ఆ వ్యాపారంలో తానూ ఒక పనిముట్టునయ్యానన్న సంగతి తనను ఎప్పటికీ సిగ్గుపరుస్తుందని అందులో ఒప్పుకున్నాడు. బానిసల వ్యాపారాన్ని నిషేధించాలని పోరాడుతున్నవారికి ఆ సాక్ష్యం ఆయుధమయింది. 1807 మార్చిలో బ్రిటన్‌లో నిషేధ చట్టం వచ్చింది. అదే సంవత్సరం డిసెంబరులో ఆయన కన్నుమూశాడు. తనకు దొరికిన క్షమాపణ గట్టిదని నమ్మాడు గనుకనే ఆయన ఆ పాత లెక్క తెరవగలిగాడని నేననుకుంటాను. ఆలస్యం జరిగింది, చాలా ఆలస్యం. మీకూ ముప్పై ఏళ్లు దాటాయి. ఆలస్యమయిందన్నది వెళ్లకుండా ఉండడానికి కారణం కాకూడదు.

ఇలా తిరిగి ఇవ్వడం క్రియలమూలంగా రక్షణ సంపాదించుకోవడం అవుతుందేమోనని కొందరు భయపెడతారు. జనం దగ్గర అన్యాయంగా సొమ్ము గుంజిన సుంకరి జక్కయ్య ఇంట్లో ఏది ముందు జరిగిందో చూడండి. ప్రభువు ముందుగా అతని ఇంటికి వెళ్లాడు, అతని బల్ల దగ్గర కూర్చున్నాడు. అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానని జక్కయ్య అన్నది ఆ తరువాతే. ఇలాంటి మోసానికి ధర్మశాస్త్రం అడిగినది అసలుతోపాటు అయిదవ వంతు మాత్రమే (లేవీయకాండము 6:5). అతను లెక్కకు మించి ఇవ్వబోయాడు, ఎందుకంటే అతను కొనుక్కోవలసినది ఇక ఏమీ మిగలలేదు.

ఇప్పుడు చేయవలసిన పని గురించి. ముందుగా మీ భార్యకు, పిల్లలకు జరిగినది దాచకుండా చెప్పండి. భూమి తిరిగి ఇవ్వడం వారి భవిష్యత్తునూ తాకుతుంది గనుక వారికి తెలియకుండా చేయకండి. వారు ఒప్పుకోవడానికి నెలలు పట్టవచ్చు. తరువాత తమ్ముడి దగ్గరికి మీరొక్కరే వెళ్లండి. పాస్టరుగారిని, సంఘపెద్దలను వెంట తీసుకువెళ్లకండి, అతనికి అది మరొక పంచాయతీలా కనిపిస్తుంది. "దేవుడు నన్ను క్షమించాడు" అనే మాటతో మొదలుపెట్టకండి. అతని దృష్టిలో అది, తన్ను అడగకుండానే తన బాకీని మరెవరో మాఫీ చేసినట్టు ఉంటుంది. "నాన్న మంచాన ఉండగా వేలిముద్ర వేయించాను, నీ వాటా నేను తిన్నాను" అని చేసిన పనిని దాని పేరుతోనే చెప్పండి. పొరపాటు జరిగిందని, పరిస్థితులు అలాంటివని అనకండి.

తమ్ముడైన యోసేపును బానిసగా అమ్మేసిన అన్నలను తలచుకోండి. వారు గోషెనులో పదిహేడేళ్లు యోసేపు పెట్టిన అన్నం తిన్నారు. అతను వారిని కౌగలించుకొని ఏడ్చాడు, దేవుడే నన్ను పంపాడని చెప్పాడు. అయినా తండ్రి చనిపోగానే, ఇక పగ తీర్చుకుంటాడేమోనని వణికారు. "మేము నీకు కీడు చేశాము, క్షమించు" అన్న అర్థం వచ్చే మాట వారు అతనికి నేరుగా పంపినది అప్పుడే, అదీ తండ్రి చెప్పమన్నాడని తండ్రి పేరు అడ్డం పెట్టుకొని (ఆదికాండము 50). క్షమాపణ పదిహేడేళ్ల క్రితమే దొరికింది. నోరు విప్పి చెప్పకపోవడం వల్ల వారు దాన్ని అనుభవించలేకపోయారు.

మాటతో పాటు కాగితం కూడా తీసుకువెళ్లండి. తమ్ముడి వాటాను అతని పేర రిజిస్ట్రేషను చేయించడానికి ఏ రకమైన దస్తావేజు సరైనదో వకీలును గాని దస్తావేజు లేఖరిని గాని అడిగి ముందే తెలుసుకోండి. ఇన్నేళ్లుగా ఆ వాటామీద వచ్చిన ఫలసాయాన్ని కనీసం కౌలు లెక్కనైనా కట్టి చూపండి. ఒక్కసారి ఇవ్వలేకపోతే ఎలా ఇస్తారో చెప్పండి. ఇంకొకటి ఉంది, దీన్ని సాధారణంగా ఎవరూ తలచుకోరు. ఆ పంచాయతీలో మీ తమ్ముడు భూమితో పాటు తన మాటకున్న విలువను కూడా పోగొట్టుకున్నాడు. ఊరి దృష్టిలో అతను అన్నమీద అబద్ధపు తగవు తెచ్చినవాడు. ఆనాటి పెద్దమనుషులలో బ్రతికి ఉన్నవారి ఎదుట, ఆనాడు నిజం చెప్పినవాడు తమ్ముడేనని మీరు చెప్పాలి. భూమి తిరిగి ఇవ్వడం కంటే ఇది మీకు కష్టం కావచ్చు.

అతను మిమ్మల్ని తలుపు దగ్గరి నుంచే పంపివేయవచ్చు. పొలం తీసుకొని, మాట్లాడకుండా ఉండవచ్చు. క్షమించమని ఒత్తిడి చేయకండి. ఒకవేళ అతను ఈ లోకంలో లేకపోతే అతని భార్యాపిల్లల దగ్గరికి వెళ్లండి. నష్టం పొందినవాడు లేనప్పుడు అతని రక్తసంబంధికి చెల్లించాలని సంఖ్యాకాండము 5వ అధ్యాయం ముందే ఆలోచించి పెట్టింది. వచ్చే డిసెంబరు 31 వరకు ఆగకండి.

ప్రశ్న: అయ్యగారూ, నాకు 44 ఏళ్లు. పెళ్లయినప్పటి నుంచి పదిహేనేళ్లపాటు నా భర్త తాగి వచ్చి కొట్టేవారు. ఒకసారి చెయ్యి విరిగింది. అయిదేళ్ల క్రితం పుట్టింటికి వచ్చేసి, కుట్టుపని చేసుకుంటూ అమ్మాయిని చదివించుకుంటున్నాను. ఎనిమిది నెలల క్రితం ఆయన మారుమనస్సు పొందారట, తాగుడు మానేశారట. సంఘపెద్దలు మా ఇంటికి వచ్చి, "దేవుడే ఆయన పాపాలు మరచిపోయాడు, నువ్వు మరచిపోకపోతే నీ ప్రార్థన దేవుడు వినడు, వెంటనే కాపురానికి వెళ్లు" అంటున్నారు. ఆయన మీద నాకు పగ లేదు, ఆయన కోసం ప్రార్థన కూడా చేస్తాను. కాని ఫోనులో ఆయన గొంతు వినబడితే నా చేతులు వణుకుతాయి. నేను పాపం చేస్తున్నానా?
(ఒక సోదరి, ఖమ్మం జిల్లా)

జవాబు: లేదమ్మా, మీరు పాపం చేయడం లేదు. వణుకుతున్నది మీ చేతులు. వాటికి తెలిసినది వాటికి తెలుసు. దాన్ని అవిశ్వాసమని పిలిచే అధికారం ఎవరికీ లేదు.

పై జవాబులో చెప్పిన మాట మీ విషయంలో ఇంకా స్పష్టంగా వర్తిస్తుంది. ఇక్కడ పత్రం ఉన్నది మీ చేతిలో. ఆ పెద్దలు మీ దగ్గరున్న పత్రం మీద తమ చేతితో చెల్లు రాసి, మిమ్మల్ని సంతకం పెట్టమంటున్నారు. క్షమించమని ప్రభువు ఆజ్ఞాపించిన మాట నిజమే, దాన్ని నేను మీ కోసం తగ్గించి చెప్పను. కాని అలా ఆజ్ఞాపించినప్పుడు కూడా ఆయన మీ గాయాన్ని చిన్నది చేయలేదు. మత్తయి 18లో ప్రభువు చెప్పిన ఉపమానంలో, రాజు పెద్ద బాకీని మాఫీ చేసిన దాసునికి తోటిదాసుడు బాకీపడినది వంద దేనారములు. దేనారము ఒక కూలివాని దినకూలి. వంద రోజుల కూలి పేదవాడికి చిన్న సొమ్ము కాదు. దేవునికి మనం పడ్డ బాకీ ముందు అది తక్కువేనని చెప్పాడు గాని, అది బాకీయే కాదని చెప్పలేదు. పగ లేదని, ఆయన కోసం ప్రార్థిస్తున్నానని మీరు రాశారు. క్షమాపణ అక్కడే మొదలయింది. మిగిలినది క్షమాపణకు సంబంధించినది కాదు, నమ్మకానికి సంబంధించినది. క్షమాపణ కృపవలన ఇవ్వవచ్చు, కాని నమ్మకం పుట్టడానికి రుజువులు కావాలి.

ఆ పెద్దలు తరచుగా చదివే గ్రంథంలోనే ఇది ఉంది. సంఘాన్ని హింసించి, దమస్కు మార్గంలో మారిన సౌలు (ఆయనే పౌలు) యెరూషలేముకు వచ్చి శిష్యులతో కలుసుకోవాలని చూసినప్పుడు, అతడు శిష్యుడని నమ్మక అందరూ భయపడ్డారు (అపొస్తలుల కార్యములు 9:26). వారి భయాన్ని లూకా ఒక్క మాటతో కూడా తప్పుపట్టలేదు. దేవుడు అతని పాపాలు మరచిపోయాడు గనుక మీరూ ఇళ్ల తలుపులు తెరవండని ఎవరూ వారిని గద్దించలేదు. బర్నబా ముందుకు వచ్చి, జరిగినదంతా వివరించి, తన మాటను అతనికి పూచీగా పెట్టాడు. మీ భర్త మార్పు నిజమైతే దానికి పూచీ పడవలసినది మీ భయం కాదు, ఆ పెద్దలే.

యోసేపు సంగతి మళ్లీ చెప్పవలసి వస్తున్నది, ఈసారి అతని వైపు నుంచి. తన పెద్దకొడుకుకు మనష్షే అని పేరు పెట్టాడు. దేవుడు నా బాధనంతా మరచిపోయేటట్లు చేశాడని దానికి అర్థం చెప్పుకున్నాడు. మరచిపోయానని పేరు పెట్టుకున్న మనిషి అన్నలు కనబడగానే పక్కకు వెళ్లి ఏడ్చాడు. క్షమించిన మనసు కూడా ఏడుస్తుంది. అంతేకాదు, తానెవరో వారికి వెంటనే చెప్పలేదు. షిమ్యోనును బంధించాడు, బెన్యామీను సంచిలో గిన్నె పెట్టించాడు. తనను అమ్మేద్దామని ఒకప్పుడు సలహా ఇచ్చిన యూదాయే ఇప్పుడు తమ్ముడికి బదులు నన్ను దాసునిగా ఉంచుకొమ్మని ముందుకు వచ్చేవరకు ఆగాడు. అమ్ముడుపోయిన నాటి నుంచి ఇరవై రెండేళ్లు గడిచినా అతను పరీక్షించి చూశాడు. మీరు ఎనిమిది నెలల మార్పును పరీక్షిస్తే అది అవిధేయత ఎలా అవుతుంది?

కాబట్టి ఆ పెద్దలు మళ్లీ వస్తే అడగండి. ఆయన ఎన్ని నెలలుగా తాగకుండా ఉన్నారో ఎవరు చూస్తున్నారు? చెయ్యి విరగ్గొట్టిన సంగతి ఆయన తన నోటితో ఎవరి ఎదుటైనా ఒప్పుకున్నారా, లేక తాగుడు గురించి మాత్రమే సాక్ష్యం చెప్పారా? అమ్మాయి చదువు ఖర్చులో తన వంతు పంపుతున్నారా? ఎప్పుడైనా కలవవలసి వస్తే మీ అన్నదమ్ముల సమక్షంలో, మీ పుట్టింట్లోనే కలవండి. ఇక ముందు ఎప్పుడు బెదిరింపు వచ్చినా, 181 మహిళల హెల్ప్‌లైన్‌కు ఫోను చేయడం విశ్వాసానికి విరుద్ధం కాదు. గృహహింస నుంచి స్త్రీలను రక్షించే 2005 నాటి చట్టం మీకూ వర్తిస్తుంది. సంఘంలో సమాధానం చేశామని చెప్పుకోవడానికి ఒక స్త్రీని ప్రమాదంలోకి పంపడం పరిచర్య కాదు. ఈ మాట ఆ పెద్దలకు నా పేరు చెప్పి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

పునరుత్థానుడైన ప్రభువు శరీరంలో మేకుల గుర్తులు అలాగే ఉన్నాయి. తన్ను సిలువ వేసినవారిని క్షమించమని ప్రార్థించినవాడు, ఆ గుర్తులు లేకుండా తిరిగి రాలేదు. తోమాకు వాటినే చూపించాడు. మీ చేతి ఎముక అతుకుపడిన చోట నొప్పి వస్తే, ఆ నొప్పితోనే ప్రార్థించండి. ఆయన వింటాడు.

ప్రశ్న: నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. మా చెల్లెలికి నాలుగేళ్లుగా సంబంధాలు చూస్తున్నా కుదరడం లేదు. మా తాతగారు ఒకప్పుడు తాయెత్తులు కట్టేవారు గనుక ఇంటిమీద పితరుల శాపం ఉందని, నాలుగు తరాల పేర్లు కాగితంమీద రాసి ప్రత్యేక కానుకతో ఇస్తే శాపం తెంచే ప్రార్థన చేస్తానని ఒక బోధకుడు అంటున్నారు. ఇంట్లో తాతగారి ఫొటో కూడా తీసివేయాలట. గతంతో తెగతెంపులు చేసుకోవడమంటే ఇదేనా?
(ఒక యువకుడు)

జవాబు: కాదు బాబూ. బబులోను చెరలో ఉన్న యూదులు ఇలాగే ఒక సామెత చెప్పుకునేవారు: తండ్రులు ద్రాక్షకాయలు తింటే పిల్లల పళ్లు పులిశాయని. ఇకమీదట ఈ సామెత ఇశ్రాయేలీయులలో పలకకూడదని దేవుడు యెహెజ్కేలు ద్వారా ఆజ్ఞాపించాడు. తండ్రి దోషాన్ని కొడుకు మోయడని అదే 18వ అధ్యాయంలో ఉంది. నిర్గమకాండములోని "మూడు నాలుగు తరములవరకు" అనే మాటను ఆ బోధకుడు మీకు చూపి ఉంటారు. ఆ మాట దేవుని ద్వేషించేవారి గురించి చెప్పినది. వెంటనే వచ్చే వచనంలో, ఆయనను ప్రేమించేవారిని వెయ్యి తరాలవరకు కరుణిస్తానని ఉంది. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇతడు పాపం చేశాడా, ఇతని కన్నవారు చేశారా అని శిష్యులు అడిగితే, ప్రభువు ఇద్దరూ కాదన్నాడు.

క్రీస్తు మన కోసం శాపమై మనల్ని విమోచించాడని గలతీ పత్రిక చెబుతుంటే, మిగిలిపోయిన శాపానికి విడిగా కానుక ఎందుకు? సిలువమీద చెల్లిన పత్రానికి మళ్లీ రుసుము అడిగేవారికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, పేర్ల కాగితమూ ఇవ్వకండి. మత్తయి తన సువార్తను ఒక వంశావళితో మొదలుపెట్టాడు. అందులో వేశ్య అయిన రాహాబు పేరు ఉంది, మోయాబీయురాలైన రూతు పేరు ఉంది, దావీదు పాపాన్ని గుర్తుచేస్తూ "ఊరియా భార్య" అనే మాట కూడా ఉంది. యేసుక్రీస్తు వంశావళిలో నుంచి ఈ పేర్లను కొట్టివేయలేదు.

తాతగారి ఫొటోను ఉన్నచోటనే ఉండనివ్వండి. ఆయన ముందు దీపం పెట్టనక్కరలేదు, ఆయనను గోడమీద నుంచి దింపనూ అక్కరలేదు. సంబంధాలు కుదరకపోవడానికి కట్నాలు, ఉద్యోగాలు, ఎత్తు, రంగు అంటూ మన సమాజం పెట్టిన కారణాలే చాలా ఉన్నాయి. వాటిని ఆ ఇంటి పితరుల మీదికి నెట్టడం అన్యాయం. అన్నిటికంటే ముందు ఈ జవాబును మీ చెల్లెలికి చదివి వినిపించండి. చూసి వెళ్లినవారి దగ్గరి నుంచి కబురు రాని ప్రతిసారీ, తనలోనో తన రక్తంలోనో ఏదో దోషం ఉందని ఆ అమ్మాయి ఇన్నాళ్లుగా వింటూ ఉంది.